లేని ముసలవ్వ సద్ది

నేను ఒక సద్ది డబ్బాను. కాలేజీ పిల్లలు టిఫిన్ బాక్సు అంటారు, పొలం పనికి పోయేవాళ్లు సద్దిగిన్నె అంటారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను. గుండ్రటి ఒళ్లు, అటొకటి ఇటొకటి రెండు క్లిప్పులు, లోపల కూర కోసం ఒక చిన్న గిన్నె. ఇంతే నా సంపద. పుట్టుకతోనే పిరికిదాన్ని. మూత సరిగ్గా పడిందో లేదో, పులుసు కారి పుస్తకాలు తడుస్తాయేమో, బస్సులో ఎవరి కాలైనా తగిలి దొర్లిపోతానేమో అని ఎప్పుడూ దిగులే. మూతకూ నాకూ ప్రతి మధ్యాహ్నం ఎడబాటే కదా. కాసేపట్లో మళ్లీ కలుస్తామని తెలిసినా, దాన్ని పక్కన పెట్టిన ప్రతిసారీ ఇదే ఆఖరేమో అనిపించేది.

నన్ను తయారు చేసింది ఒక రేకుల షెడ్డులో. పలుచటి స్టీలు రేకును గుండ్రంగా కోసి, అచ్చు మీద పెట్టి, ఒక్క దెబ్బతో గిన్నెను చేశారు. అదే రేకులోంచి వచ్చిన తోబుట్టువులు గ్లాసులై, గరిటెలై వేరే వేరే మూటల్లో వెళ్లిపోయారు. వాళ్లను మళ్లీ చూడలేదు. నన్ను అచ్చు వేసిన మనిషి మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని కాగితంలో చుట్టి తెచ్చుకున్న పూరీలు తిన్నాడు. పొద్దస్తమానం డబ్బాలు చేసేవాడికి తనదంటూ ఒక డబ్బా లేదు. మనుషుల పద్ధతి నాకు అర్థం కాకపోవడం అక్కడే మొదలైంది.

దుకాణంలో నన్ను కొన్నావిడ విమలాదేవి. హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. కొన్న వెంటనే నా పొట్ట మీద ‘విమల’ అని చుక్కల అక్షరాలతో చెక్కించింది. ఆవిడ దగ్గర నేను నిండుగా బతికాను. పప్పు, బీరకాయ కూర, శనివారం పులిహోర. ఆవిడ సగం తిని, మిగతాది గోడవతల కాకులకు విదిలించేది. అది చూసి నాకు అప్పట్లో ఏమీ అనిపించేది కాదు. నిండుగా ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ అనిపించదేమో.

ఆవిడ రిటైరైన రోజు ఆఫీసువాళ్లు దండలు వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. అవన్నీ రెండు చేతులా పట్టుకుని బస్సు దిగింది. నేను సీటు కింద ఉండిపోయాను. గుర్తొచ్చి వెనక్కి వస్తుందని ఆఖరి స్టాపు దాకా ఎదురుచూశాను. రాలేదు. ఆవిడకు ఇక మధ్యాహ్నం అన్నం ఇంట్లోనే కదా, నాతో పనేముంది?

డిపోలో బస్సులు ఊడ్చే కొమురమ్మ నన్ను చీపురు చివరతో బయటికి లాగింది. ఎవరైనా అడగడానికి వస్తారని గుమాస్తా కిటికీలో పెట్టింది. ఎవరూ రాలేదు. చివరికి ఆ గుమాస్తాయే, “తీస్కపోరాదు కొమురమ్మా, దుమ్ము కొట్టుకపోతున్నది. నీ బిడ్డ కాలేజీకి పోతున్నదంటివి గద,” అన్నాడు. ఆమె నన్ను బూడిదతో తోమి తోమి ఇంటికి తీసుకుపోయింది.

ఇల్లంటే డిపో వెనకాల ఒక గది. అందులో కొమురమ్మ, బడికి పోయే కొడుకు, డిగ్రీలో చేరిన బిడ్డ నవనీత. భర్త భివండిలో మగ్గాల మీద పనికి పోయాడు. ఫోనులో ఆయన గొంతు మొదట్లో వారం వారం వినిపించేది. తర్వాత పండగకే వినిపించేది. ఆ తర్వాత పండగలు కూడా ఊరికే వచ్చిపోయాయి.

నవనీత నన్ను చూసి సంతోషపడింది. ‘విమల’ అన్న పేరు మాత్రం తనవైపు తిప్పి పట్టుకునేది, ఇంకొకరు వాడింది అని ఎవరికీ తెలియకుండా. ఆ పిల్ల సిగ్గును నేను మొదట చూసింది అక్కడే. అంత చిన్న సిగ్గు చూసి నవ్వుకున్నాను కూడా.

మొదటి ఏడాది బాగానే గడిచింది. అన్నం, పచ్చిపులుసు, ఒక్కోరోజు వంకాయ. రెండో ఏడు డిపోలో ఊడ్పు పని కాంట్రాక్టు చేతులు మారింది. సగం మందిని రోజు విడిచి రోజు రమ్మన్నారు. కొమురమ్మ ఆ సగంలో పడింది. పని లేని రోజు రెండిళ్లలో గిన్నెలు తోమడానికి పోయేది. రేషను కార్డు ఊళ్లో తాత పేరు మీదే ఉంది. ఆ బియ్యం తాతకే సరి. ఈ గదిలో బియ్యం డబ్బా అడుగు తరచుగా కనపడసాగింది.

పొద్దు పొడవకముందే కొమురమ్మ ఒక గిన్నెడు అన్నం వండేది. “బిడ్డా, నువ్వు సద్ది కట్టుకో. మిగిలింది నేనొచ్చి తింట,” అని చెప్పి పనికి పోయేది. తమ్ముడికి బడిలోనే మధ్యాహ్నం అన్నం పెడతారు. కాలేజీలో పెట్టరు. బడి దాటిన పిల్లలు ఆకలిని కూడా దాటేస్తారని పెద్దలెవరో అనుకుని ఉంటారు.

నవనీత గిన్నెలోకి తొంగి చూసేది. అది ఇద్దరికి చాలదు. హస్తం గరిటెతో అన్నం తీసి నాలో వేసేది. కాసేపు నిలబడి, మళ్లీ తీసి గిన్నెలో వేసేది. నా గోడకు అంటుకున్న మెతుకుల్ని కూడా వేలితో తుడిచి తల్లి అన్నంలో కలిపేది. తర్వాత మూత పెట్టి, క్లిప్పులు బిగించి, సంచిలో పెట్టుకునేది. మొదటి రోజు నడుస్తుంటే లోపలి కూరగిన్నె గలగలమంది. ఆమె ఉలిక్కిపడి ఆగింది. రోడ్డు పక్కన నా మూత తీసి తన రుమాలు నాలో కుక్కింది. ఇక నేను చప్పుడు చేయలేదు.

అన్నం మోయాల్సిన దాన్ని, రుమాలు మోశాను. సిగ్గంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

సాయంత్రం కాలేజీ నల్లా దగ్గర మిగతా ఆడపిల్లలతో పాటు నన్ను కూడా కడిగేది. వాళ్ల డబ్బాల్లోంచి నూనె, పసుపు, మెతుకులు పోయేవి. నాలోంచి నీళ్లు నీళ్లలాగే పోయేవి. ఇంటికి వెళ్లాక తడి డబ్బాను చూసి కొమురమ్మ మొహం విప్పారేది.

“కడుపు నిండిందా బిడ్డా?”

“నిండిందమ్మా.”

ఇంట్లో ఆ అబద్ధానికి సాక్ష్యం నేనే. తల్లి నన్ను చూసే నమ్మేది. నన్ను అరుగు మీద బోర్లించినప్పుడు నాకు కొంచెం నయంగా ఉండేది, మొహం కనపడదు కాబట్టి.

కాలేజీలో సైకిల్ స్టాండు పక్కన ఒక సిమెంటు గట్టు ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే నవనీత స్నేహితులు అక్కడ గుండ్రంగా కూర్చునేవాళ్లు. డబ్బాలన్నీ మధ్యలో పెట్టి మూతలు తీసేవాళ్లు. అక్కడ కూర ఎవరిదీ కాదు. అందరి గిన్నెల్లోనూ అందరి చేతులూ తిరిగేవి. ఏమీ పెట్టనివాళ్లు తినకూడదని ఎవరూ నియమం పెట్టలేదు. నవనీత తనకు తానే పెట్టుకుంది.

గట్టు మీద పెద్ద గొంతు స్రవంతిది. వాళ్ల నాన్నది ఫర్టిలైజర్ దుకాణం. “దా నవనీతా, కూసో. ఇయ్యాల మా అమ్మ గోంగూర పెట్టింది,” అని పిలిచేది.

“నేను లైబ్రరీల తిన్న.”

“లైబ్రరీల తింటే సారు ఊకుంటడా? గీ ముచ్చట ఎవలకన్న చెప్పు, నాకు గాదు.”

ఆ తర్వాత వచ్చింది సోమవారం. అడగకముందే నవనీత, “ఇయ్యాల నాకు ఒక్కపొద్దు,” అంది. ఒక్కపొద్దంటే దేవుడి పేరు మీద పగలంతా ఏమీ తినకుండా ఉండటం. స్రవంతి వెంటనే ఊరుకుంది. ఆ మాటకు అంత బలం ఉంటుందని నవనీతకు కూడా తెలియదు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం సాయిబాబాకు, శుక్రవారం లక్ష్మికి, శనివారం వెంకన్నకు. దేవుళ్లు వారాల్ని అంత చక్కగా పంచుకుని ఉన్నారు కాబట్టి ఆమె పెద్దగా వెతుక్కోనక్కరలేకపోయింది. బుధవారం ఎవరిదో మాత్రం తట్టలేదు. ఆ రోజు తలనొప్పి అనేది. అది అబద్ధం కాదు.

మంచి పిల్లలు చేసే తప్పు ఆ పిల్లలూ చేశారు. ఆమెను గౌరవించారు. అంతకుముందు బలవంతంగా ముద్ద నోట్లో పెట్టేవాళ్లు, ఇప్పుడు ఆమె వస్తుంటే జరిగి కూర్చున్నారు. “ఒక్కపొద్దు పిల్ల ముందట గుడ్డు తింటే పాపం తల్గుతది,” అని స్రవంతి మూత అడ్డం పెట్టుకుని తినేది. “నా పేరు మీద గూడ ఒకటి మొక్కవే. కెమిస్ట్రీ గట్టెక్కాలె.” నవనీత తలూపేది. భక్తురాలని పేరు వచ్చాక ఆమెకు ఎవరూ ఏమీ పెట్టలేదు.

ఒకరోజు స్రవంతికే అనుమానం వచ్చింది. “మరి ఒక్కపొద్దు ఉండుకుంట బాక్సెందుకు మోస్కొస్తున్నవే?”

నాకు క్లిప్పులు వదులైనట్టయింది. నవనీత నన్ను దగ్గరికి లాక్కుంది. “అమ్మకు తెల్వదు. తెలిస్తే తిడ్తది. పొద్దుగాల సద్ది కట్టిస్తది. బస్టాండు ఎనక గుడికాడ ఒక ముసలవ్వ ఉంటది. వచ్చేటప్పుడు ఆమెకు పెట్టొస్త.”

స్రవంతి ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు మనిషివి గాదే,” అంది. పక్కనే తబస్సుం అనే పిల్ల ఉంది. మండిబజారులో బట్టలు కుట్టే దర్జీ కూతురు, మాట తక్కువ. ఆ పిల్ల ఒక్కతే ఏమీ అనలేదు. నన్ను చూసింది. నేను మూత బిగించుకుని కూర్చున్నాను.

ఆకలి ఒక్క కడుపులోనే ఉంటుందనుకునేదాన్ని. కాదు. అది ఆ పిల్ల జుట్టులో ఉండేది, దువ్వెన నిండా ఊడి వచ్చేది. చేతి వేళ్లలో ఉండేది, ఎండపూట కూడా అవి చల్లగా నన్ను తాకేవి. తమ్ముడు పళ్లెంలో రెండు మెతుకులు వదిలేస్తే, ఎన్నడూ కసరని పిల్ల వాణ్ని చెంప మీద కొట్టి, తర్వాత వాడికంటే ఎక్కువ ఏడ్చింది. చదివిన పేజీనే మళ్లీ చదివేది. ఒకనాడు జువాలజీ క్లాసులో వసుంధర మేడం ప్రశ్న అడిగితే లేచి నిలబడింది. జవాబు తెలుసు, ముందురోజు నా పక్కనే కూర్చుని వల్లెవేసింది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

క్లాసు అయ్యాక మేడం పిలిచింది. మంచి మనిషే, పిల్లల మీద పట్టింపు ఉన్న మనిషి. “నవనీతా, ఫస్టియర్లో నీ పేపరు నేను అందరికీ చూపించిన. ఇప్పుడేమైంది? వారమంతా ఉపవాసాలేనట కదా. దేవుడు చదువుకోవద్దన్నడా? భక్తి కొంచెం తగ్గించుకో తల్లీ.”

“సరే మేడం,” అంది నవనీత.

తినమ్మా అని చెప్పవలసిన చోట భక్తి తగ్గించుకొమ్మని చెప్పారు. ఆమె తల వంచుకుని తిట్లు తింది. నిజం చెప్పడం కంటే అవి తేలికగా అరిగాయి.

ఆ వారమే ఒక బట్టల షోరూము నుంచి పిలుపు వచ్చింది. పక్కింటి ఆమె అక్కడ పని చేస్తుంది. “సేల్స్‌కు పిల్లలు కావాల్నట. పొద్దుగాల పోతే రాత్రి దాంక నిలవడాలె. కని మధ్యాహ్నం అన్నం ఆళ్లే పెడ్తరు. కూర, చారు, మజ్జిగ గూడ,” అని చెప్పింది. జీతం సంగతి కూడా చెప్పే ఉంటుంది. నవనీత అది విన్నట్టు లేదు. మజ్జిగ గూడనా అని మాత్రం అడిగింది.

కొమురమ్మ, “సదువు ఇడిసిపెడ్తవా?” అంది.

“చూద్దాం. వచ్చే నెల చెప్త.”

చదువు వదలడం ఆమెకు ప్రాణం పోయినట్టే. ఊళ్లో వాళ్ల వంశంలో కాలేజీ గేటు దాటినది ఆమె ఒక్కతే. టీచరు కావాలని ఆశ. ఆ ఆశకు ఎదురుగా ఇప్పుడు ఒక అన్నం పళ్లెం నిలబడింది. ఏది నెగ్గుతుందో నాకు తెలియలేదు.

అప్పుడే స్రవంతి పరీక్షల కోసం తనూ ఒక్కపొద్దు పట్టింది. మధ్యాహ్నం డబ్బా తెచ్చి నవనీత ముందు పెట్టింది. “మా అమ్మ గూడ ఊకోలే, కట్టిచ్చింది. ఇది గూడ మీ ముసలవ్వకే పెట్టు. సాయంత్రం పోంగ ఇచ్చిపో. ఏదీ, నీ బాక్సు తియ్.”

నవనీత అటు తిరిగి నాలోంచి రుమాలు లాగేసింది. స్రవంతి తన అన్నం, ఆలుగడ్డ కూర, రెండు గుడ్లు నాలో గుమ్మరించింది. ఎన్నాళ్లకో నేను బరువెక్కాను. నన్ను ఒడిలో పెట్టుకుని రెండు గంటల క్లాసు విన్నది. ఏం వినిపించిందో తెలియదు, వేళ్లు మాత్రం నా మూత మీదే ఉన్నాయి.

సాయంత్రం నిజంగానే గుడి దగ్గరికి వెళ్లింది. ముసలవ్వ ఎవరైనా ఉంటే ఇచ్చేద్దామనే వెళ్లింది, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. మెట్ల మీద కొబ్బరికాయలు అమ్మే ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. నవనీత గుడి వెనక గోడవైపు పోయి కూర్చుంది. ఇంటికి తీసుకుపోదామా అని ఆలోచించింది. తల్లి ఎవరిచ్చారని అడుగుతుంది. మూత తీసింది. మొదటి ముద్ద నెమ్మదిగా తింది. తర్వాత నెమ్మది లేదు. గుడ్డు ఒకటి తమ్ముడి కోసం దాచాలని పక్కన పెట్టింది. చివర్లో అది కూడా తినేసింది.

తిన్నాక మొహం చేతుల్లో పెట్టుకుంది. నేను ఖాళీగా ఉన్నన్నాళ్లు పడిన సిగ్గు ఒక ఎత్తు, నిండిన ఆ రోజు పడిన సిగ్గు ఒక ఎత్తు. ముష్టి అడిగి ఉంటే అది వేరు. లేని మనిషిని పుట్టించి ఆమె నోటి దగ్గరి ముద్ద తిన్నాం ఇద్దరం.

ఆ తర్వాత ముసలవ్వ గట్టు మీద అందరికీ చుట్టమైపోయింది. ఒక్కొక్కరు తలా ఒక గరిటె నాలో వేసేవాళ్లు.

“ముసలవ్వకు పండ్లున్నయా?” అని స్రవంతి అడిగింది.

“లేవు,” అంది నవనీత ఆలోచించకుండా.

మర్నాటి నుంచి అన్నం మెత్తగా, ముద్దగా వచ్చింది. కూరలో కారం లేదు. నవనీత ఆ చప్పటి ముద్దలు మింగుతుంటే నాకే అనిపించేది, నాలుగు పళ్లైనా పెట్టి ఉండాల్సింది అని. తబస్సుం మాత్రం రోజూ తప్పకుండా తెచ్చేది. శుక్రవారం బగారన్నం తెచ్చి, నాలో వేస్తూ, “మెల్లగ తినుమను. మస్తు నమిలి తినుమను,” అని చెప్పింది.

ముసలవ్వ తిన్నది నవనీతకు పట్టింది. అక్షరాలు మళ్లీ కుదురుగా నిలబడ్డాయి. క్లాసులో జవాబు చెప్పి కూర్చుంది. మేడం మెచ్చుకుంది, భక్తి తగ్గించినందుకు. షోరూముకు జవాబు చెప్పకుండా నెల దాటించింది. రాత్రి పడుకునే ముందు మాత్రం ఆ పిల్ల నావైపు చూసేది కాదు.

చలి మొదలైంది. స్రవంతి ఇంటి నుంచి ఒక దుప్పటి తెచ్చింది. “ముసలవ్వకు. ఈ శనివారం అందరం పోయి కప్పొద్దాం. నేను ఆమె కాళ్లు మొక్కాలె. ఆమె అన్నం తిన్నప్పటిసంది నాకు మార్కులు మంచిగొస్తున్నయ్.”

“అందరెందుకు? నేనిస్త గద.”

“నువ్వే పుణ్యమంత మూట కట్టుకుంటవా? మాకు గూడ జెర మిగులనియ్యి.”

అందరూ నవ్వారు. శనివారం ఎదురుగా ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నవనీత గట్టు దగ్గరికి వచ్చి నిలబడే, “ముసలవ్వ సచ్చిపోయింది,” అంది.

స్రవంతి నిజంగా ఏడ్చింది. ముక్కు తుడుచుకుంటూ, దుప్పటి ఒళ్లో పెట్టుకుని, “నిన్ననే కప్పితే బతుకుతుండె గదే. చలికే పోయిందేమో,” అని ఏడ్చింది. ఇంకో పిల్ల ముద్ద సగంలో వదిలేసింది. నేను ఎన్నో ఎడబాట్లు చూశాను. లేని మనిషి పోయిందని ఉన్న పిల్లలు ఏడవడం మాత్రం తట్టుకోలేకపోయాను. నవనీత కూడా ఏడ్చింది. ఆ ఏడుపు దేనికో అక్కడ నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

ఆ సాయంత్రమే పక్కింటి ఆమెతో చెప్పింది, సోమవారం నుంచి షోరూముకు వస్తానని. కొమురమ్మ పొయ్యి ముందు కూర్చుండిపోయింది.

శనివారం ఆఖరుసారిగా కాలేజీకి పోయింది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం గట్టు దగ్గరికి పోకుండా నల్లా దగ్గరికి పోయి నన్ను కడగసాగింది. వెనక నుంచి తబస్సుం వచ్చింది.

“ఏం కడుగుతున్నవ్? ఏమంటింది దానికి?”

నవనీత నల్లా కట్టేసింది. “ఇయ్యాల ఒక్కపొద్దు.”

“నేను రంజాన్‌ల రోజాలుంట నవనీతా. నెల దినాలు. పొద్దుగూకే యాల్లకు నా కండ్లు గడియారం మీదనే ఉంటయి. ఇంకెంతసేపని మా అమ్మీని సంపుకతింట. నువ్వు ఒక్కపొద్దున్న దినం ఒక్కనాడన్న టైం చూడలే. నీకు సాయంత్రం గూడ ఏం లేదని నాకు అప్పుడే ఎరుకైంది.”

నవనీత నన్ను గుండెకు అదుముకుంది. నా మూత ఆమె ఎముకకు తగిలింది.

“అయితే ముసలవ్వ లేదని...”

“ఎరుకే.”

“ఎరికుండి ఎందుకు తెచ్చినవ్? ఎందుకడగలే?”

“అడుగుతే తినుడు బందు పెడ్తవని.”

నవనీతకు కోపం వచ్చింది, అది నాకు ఆమె చేతుల్లో తెలిసింది. ఇన్నాళ్లూ ఈ పిల్ల ముందు నాటకం ఆడాను అన్న కోపం, అంతా తెలిసి పక్కనే కూర్చుందన్న కోపం. “నాకు ఎవల అన్నం వద్దు. సోమారం సంది నేను పనికి పోతున్న. ఆళ్లే పెడ్తరు,” అంది.

“పో. కని ఒక్కటి చెప్పి పో.” తబస్సుం దారికి అడ్డంగా నిలబడింది. “పొద్దుగాల మా అమ్మీ రెండు డబ్బాలు కట్టింది. అలవాటు పడ్డది. ముసలవ్వ సచ్చిపోయిందని ఆమెకు ఎట్ల చెప్పాలె? ఇగ నేను ఎవల పేరు మీద తేవాలె?”

నల్లా సరిగ్గా కట్టలేదు, నీళ్లు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. నవనీత నన్ను పట్టుకుని గట్టు వైపు నడిచింది. పిల్లలు చుట్టూ కూర్చుని ఉన్నారు, దుప్పటి ఇంకా స్రవంతి పక్కనే ఉంది. నవనీత కూర్చుని, డబ్బాల మధ్యలో నన్ను పెట్టి, రెండు క్లిప్పులూ తీసి, మూత ఎత్తింది.

నేను ఖాళీగా ఉన్నాను, అందరి ముందూ. మూయండి అని అరవాలనిపించింది. నోరు తెరిచే ఉంది, మాట లేదు.

“ముసలవ్వ లేదు,” అంది నవనీత. “నేనే తిన్న.”

ఒక చెయ్యి కూరగిన్నె దగ్గర ఆగిపోయింది. స్రవంతి నన్ను చూసింది, నవనీతను చూసింది, దుప్పటిని చూసింది. “అంటే నిన్న నేను ఏడ్సింది ఉత్తగనేనా? ఇంటికి పోయి గూడ ఏడ్సిన. మా నాయన ఎవలు సచ్చిపోయిన్రే అని గాబరపడ్డడు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. స్రవంతి నవ్వలేదు. మెల్లగా అర్థమవుతున్నట్టు ఆమె మొహం ఎర్రబడింది. తను మూత అడ్డం పెట్టుకుని గుడ్డు తిన్న రోజులు గుర్తొచ్చి ఉంటాయి. తన డబ్బాలోంచి అన్నం తీసి నాలో వేసింది. “ఇది మెత్తగ లేదు. కారం గూడ ఉన్నది. నీకు పండ్లున్నయి గద, నములు,” అంది. ఆ వెంటనే పక్క పిల్ల వైపు తిరిగి, ప్రాక్టికల్ రికార్డు ఎందుకు పోగొట్టావని ఊరికే గొడవ పెట్టుకుంది. ఆ పిల్ల కూడా అందుకుంది. అందరూ కావాలనే గట్టిగా పోట్లాడుకున్నారు. నవనీత ముద్ద కలుపుతుంటే కన్నీళ్లు నాలోనే పడ్డాయి. తల ఎత్తకుండా తిన్నది. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు.

ఆ సాయంత్రం తల్లికి కూడా చెప్పింది. కొమురమ్మ తిట్టలేదు. గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది. “అయితే ఇన్ని దినాలు నేను తిన్నది నీ అన్నమా బిడ్డా,” అంది. సోమవారం నుంచి ఆ గిన్నెడు అన్నాన్ని తల్లే రెండు భాగాలు చేసి, ఒక భాగం తన చేత్తో నాలో వేసి మూత పెట్టేది. ఇద్దరికి చాలని అన్నం ఇద్దరూ తిన్నారు. మిగతా లోటు గట్టు మీద పూడేది. షోరూముకు ఆమె పోలేదు.

సంగతి ఎలా తెలిసిందో, ఒక మధ్యాహ్నం వసుంధర మేడం గట్టు దగ్గరికి వచ్చింది. ఏదో చెబుదామని నిలబడి, “జరగండమ్మా,” అని కూర్చుని తన డబ్బా కూడా మధ్యలో పెట్టింది. పిల్లల కళ్లలోకి చూడలేకపోయింది. ఆవిడ సిగ్గును నేను గుర్తుపట్టాను. అది నాకు బాగా పరిచయమైన సరుకు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. నెలాఖరున నేను సగమే నిండేదాన్ని. నన్ను మధ్యలో పెట్టే ముందు నవనీత చెయ్యి ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేది, చివరిదాకా ఆగింది. సిగ్గు తీరేది కాదు, అలవాటవుతుందంతే. ఇప్పుడు నా క్లిప్పు ఒకటి ఊడిపోయింది. మూత నిలవదు కాబట్టి ఎక్కడికీ తీసుకుపోరు. చింతపండు పోసి అలమరలో పెట్టారు. నవనీత ఒక ఊరి బడిలో సైన్సు చెబుతుంది. పొద్దున్నే వేరే డబ్బాతో పోతుంది.

డిగ్రీ ఆఖరి పరీక్ష రాసిన రోజు వాళ్లంతా గేటు దగ్గర విడిపోయారు. ఎడబాట్లంటే నాకు వణుకు, అందుకే ఆ రోజు ప్రతి మాటా గుర్తుంది. తబస్సుంకు పెళ్లి కుదిరి హైదరాబాదు పోతోంది. ఆమె నవనీత చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. స్రవంతి నాన్న బండి హారన్ కొడుతున్నాడు. స్రవంతి బండెక్కి, మళ్లీ దిగి వచ్చింది.

“ముసలవ్వను అడిగిన్నని చెప్పవే,” అంది.

నవ్వించడానికే అంది. నవనీత నవ్వలేదు. నన్ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“చెప్త,” అంది.